మోటారుకు మంద ముద్ర

"లెవ్వమ్మా. జరంత పక్కకు జరుగు. తలుపు కాడ నాకు పనున్నది," అన్నాడు కాటమయ్య.

సోమమ్మ కదల్లేదు. గొర్రెదొడ్డి నడుమ నిలిచిపోయిన మోటారు తలుపుకు వీపు ఆనించి, కాళ్లు బారజాపుకొని కూర్చుంది. కోడి కూసిన దగ్గర్నుంచి అదే కూర్చోవడం. పొద్దు బారెడెక్కినా జొన్నగటక ముట్టలేదు. ఆమె వీపు వెనక, తలుపు చెక్క మీద, ఆ ఇంటి గొర్రెలకు వేసే ముద్ర నల్లగా కాలి ఉంది. కొడుకు చేతిలో ఉలి ఉంది.

"నీ పనేందో నాకెరుకే బిడ్డా. ముందుగాల నన్ను చెక్కు. ఆనెంక దాన్ని చెక్కుదువు."

"పొద్దుగాల్నే మొదలుపెట్టినవా? పట్నం నుంచి లింగస్వామి బయలెల్లిండు. ఇయ్యాలనే వచ్చి బండి చూస్తనని వకీలుసాబుకు కబురంపిండు. ఆయన కండ్ల గీ ముద్దర పడ్డదంటే మన పని అయిపోయినట్టే."

"పడితే పడనీ. మనమేమన్న దొంగతనం జేసినమా?"

దొడ్డి వాకిట్లో చీపురు పట్టుకొని నిలబడ్డ గుర్వమ్మకు ఎటు పోవాలో తోచలేదు. లోపల అత్త, మరిది. బయట గోడవార నీడలో పెనిమిటి జానయ్య కూర్చొని తాడు పేనుతున్నాడు. ఒక్క గొర్రెపిల్లయినా లేని దొడ్డికి ఆ తాడు దేనికని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

గొర్రెలు అమ్మింది ఈ మోటారు కోసమే. అవి గుర్వమ్మ గొర్రెలు. పెళ్లినాడు పుట్టింటివాళ్లు అరణం ఇచ్చిన జీవాలు ఈని, పెరిగి, మంద అయ్యాయి. వాటిని తిరుమలగిరి కాపరికి తోలేసి, పట్నంలో పాత మోటార్లు అమ్మే లింగస్వామి దగ్గర ఈ డొక్కును కొన్నారు. కిరాయికి తిప్పుకోవడానికి ఎవరో దానికి వెనకభాగం, తలుపులు టేకు చెక్కతో కట్టించారు. చూడటానికి పెళ్లిపల్లకిలా ఉండేది.

ఆలోచన కాటమయ్యది. దొరగారి మోటారుకు క్లీనరుగా ఉండి తోలడం నేర్చినవాడు. "గొర్రెనైతే పండుగ పండుగకు దొర గడీకి తోలుకపోతరు. మోటారునైతే కోసుకొని తింటరా?" అని అడిగాడు ఆనాడు. నిజమే మరి, దొర వెట్టికి పోయిన గొర్రెలు ఇంట్లో మిగిలిన గొర్రెల కంటే ఎక్కువే.

మోటారు మాత్రం వారం తిరక్కుండానే హాలియా వాగు గడ్డ ఎక్కుతూ పొగలు కక్కి చచ్చింది. నల్లగొండ మేస్త్రి ఇంజను విప్పి, నల్లరంగు గీకి, లోపలి పగులు చూపించాడు. ఆ పగులులో ఎవరో సీసం కరిగించి పోసి, పైన రంగు పూశారు. ముసలి ఎద్దు పళ్లు అరగదీసి కోడె అని అమ్మినట్టన్నమాట.

ఎడ్లను కట్టి ఇంటికి ఈడ్చుకొచ్చారు. ఆ సాయంత్రమే ముద్ర వేశారు.

నవ్వేవాళ్లు నవ్వవచ్చు గానీ, ఆ ఇంట్లో అది నవ్వే సంగతి కాదు. కొనుక్కొచ్చిన జీవానికి జబ్బు చేస్తే, ఇక అది మనదే, బతికినా చచ్చినా మన మందలోనే అని, లింగమంతుల సామికి మొక్కి ముద్ర వేస్తారు. ఆ ముద్ర పడ్డ జీవాన్ని మరొకరికి అమ్మరు. ఒకరి మంద రోగం ఇంకొకరి మందకు పోకూడదని పెద్దలు పెట్టిన కట్టు. ఎవరి అరణం పెట్టి కొన్నారో ఆ ఆడమనిషే మొదట ఇనుము పట్టాలి. అందుకని కులం వాళ్లంతా చూస్తుండగా, ఎర్రగా కాలిన ఇనుమును తలుపు మీద అదిమింది గుర్వమ్మే. సామి దయతలిస్తే మోటారు లేచి నడుస్తుందని ఆమెకు నమ్మకం లేదు. కానీ ఇంట్లో రోగి ఉంటే చేయవలసింది చేయకుండా ఎలా ఉంటారు?

నిన్న దేవరకొండలో వకీలు రామచంద్రయ్య అరుగు మీద ఆ సంగతి బయటపడ్డప్పుడు గానీ, అది ఎంత పని చేసిందో తెలియలేదు.

వకీలు మంచివాడే. బండి చెడిందని లింగస్వామికి ముందే కాయితం రాశాడు, మర్నాడు వచ్చి చూస్తానని ఆయన కబురు కూడా అప్పటికే అందింది. ఓపికగా చెప్పాడు. "బండి తిప్పిచ్చేసి పైసలు వాపసు అడగొచ్చు. మంచిదని చెప్పి చెడ్డది అంటగట్టిండు గనుక మనకు ఆ హక్కున్నది. అన్నిటికంటే దగ్గరి తోవ అదే."

"తిప్పిస్తం సాబ్. ఇయ్యాలంటే ఇయ్యాల్నే గుంజుకపోతం," అన్నాడు కాటమయ్య. "గా లింగస్వామిని జైల్ల ఎయ్యరా మరి?"

"దగా జేసిండని ఫౌజ్‌దారీ కేసు పెట్టొచ్చు. పెడితే, పగులు సంగతి ఆయనకు ముందే ఎరుకని మనం రుజువు చెయ్యాలె. నాకు అమ్మినోడు పూసిండేమో, నాకేం ఎరుక అంటడు. అప్పుడేం జేస్తవ్? గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? మొదలు తిప్పిచ్చే మాట చూద్దాం." వకీలు కలం తీసుకున్నాడు. "ఒకటి చెప్పున్రి. చెడిందని ఎరుకైనంక బండిని మీరేమన్న జేసిన్రా? ఎవలకన్న కిరాయికిచ్చుడు, విప్పుడు, మార్చుడు?"

"ఏం జెయ్యలే సాబ్. గుంజుకొచ్చి, ముద్దరేసి, దొడ్ల పెట్టినం."

రామచంద్రయ్య కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"ముద్దరంటే?"

కాటమయ్య చెప్పాడు. చెబుతున్నకొద్దీ వకీలు ముఖం చూసి అతని గొంతు సన్నబడింది.

"అరే, తిప్పిచ్చే తోవకు మీరే ముండ్లకంప అడ్డమేసుకున్నరు కదా," అన్నాడు రామచంద్రయ్య. "చెడ్డదని ఎరుకై కూడా సొంత గుర్తు పెట్టుకున్నరంటే, ఒప్పుకొని ఉంచుకున్నట్టే అంటడు అవతలి వకీలు. ఎరుక కాకముందు పెట్టి ఉంటే అది వేరే మాట. ఎవలు ఏసిన్రు?"

అరుగు కింద మెట్టు మీద కూర్చున్న గుర్వమ్మ కొంగు సర్దుకుంది. "నేనే అయ్యా."

"ఎప్పుడేసినవో అదాలత్‌ల బోనెక్కించి నిన్నే అడుగుతరమ్మా. ఏం చెప్పాల్నో నేను చెప్పను. నువ్వు ఏది చెప్తే దాన్ని పట్టుకొనే నేను మాట్లాడుత."

వకీలు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "ఇంకో తోవ ఉన్నది. బండి మీరే ఉంచుకొని, ఎంత తరుగు వచ్చిందో అంత నష్టం కట్టియ్యమని దావా వేసుడు. దానికి ఆ ముద్దర అడ్డం రాదు, పైగా సాక్ష్యమైతది. రోగమున్నదానికే ఏస్తరు గదా. వారం లోపల్నే రోగం బయటపడ్డదని మీ కులమంతా వచ్చి చెప్తది. కానీ అది నిదానంగా నడిచే బండి. ఏండ్లు పట్టొచ్చు. వచ్చేది కూడా పూరా రాదు."

ఏండ్లు. గుర్వమ్మకు ఆ ఒక్క మాటే చెవిలో నిలిచింది. తిరుమలగిరి కాపరి మంచి మనిషి. మంద ఇంకా చెదరలేదనీ, పైసలు తెచ్చిస్తే తోలుకపొమ్మనీ కబురు చేశాడు. అయితే ఎండలు ముదిరితే మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోతాడు. అక్కడి నుంచి ఎటో, ఎవరికి అమ్ముతాడో. ఇప్పటికే మోదుగులు పూసి రాలుతున్నాయి.

ఇంటికి వస్తుంటే దారి పొడుగునా కాటమయ్య బతిమాలాడు. "కొన్ననాడే ఏసినమని చెప్పు వదినె. ఒక్క మాట. నీ గొర్రెలు నీకొస్తయ్." గుర్వమ్మ తలదించుకొని నడిచింది. ముందు నడుస్తున్న జానయ్య వెనక్కి తిరిగి చూడలేదు.

అదీ నిన్నటి సంగతి. వదినె నోరు మెదపలేదని, రాత్రంతా ఆలోచించి, ముద్రనే లేకుండా చేద్దామని ఉలి పట్టుకొని బయలుదేరాడు మరిది. ఆ ఉలి చప్పుడు ముందే పసిగట్టింది అత్త.

"వదినే, నువ్వన్న చెప్పు అమ్మకు."

గుర్వమ్మ చీపురు గోడకు ఆనించి, గటక ముంత తెచ్చి అత్త ముందు పెట్టింది. పక్కనే చతికిలబడింది.

"రొండు బుక్కలు తిను అత్తా. కడుపు మీద కోపమెందుకు?"

"నాకు మోటారు మీద ప్రేమా పావురమా అనుకుంటున్నవా పిల్లా?" సోమమ్మ గొంతు తగ్గించింది. "దీని మొకం జూస్తేనే మండుతది నాకు. కానీ ముద్దరేసి చెరుపుకునుడు నేనెన్నడు చూడలే. నీ మామ కాలంల ముద్దర పడ్డ గొర్రెకు గజ్జి లేచి, మందంతా ఆగమైనా, దాన్ని అమ్మలే. నలుగురి మందల నడుమ మేపుకునేటోళ్లం, నమ్మకం పోతే మేత బీట్ల ఎవడు కాలు పెట్టనిస్తడు?"

"ఎరుకనే అత్తా."

"నీ గొర్రెలు పోయినయని నీకుంటది. ఉండదా మరి? నాకు సోయి లేదనుకోకు."

గుర్వమ్మ కళ్లు తిప్పుకుంది. అవును, ఉంది. గొర్రెలు తోలేసిన నాడు జానయ్య వచ్చి, "ఏమంటవ్?" అని అడిగాడు. "నీ ఇష్టం," అంది తను. కాపురం చేసే ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది, "నీ ఇష్టం" అంటే "వద్దు" అని. జానయ్య దాన్ని "సరే" అనుకున్నాడో, అనుకున్నట్టు నటించాడో తెలియదు. మోటారు చెడిన దగ్గర్నుంచి అతను ఆమె ముఖంలోకి సరిగా చూడలేదు. తిట్టినా బాగుండేది. ఏడ్చినా బాగుండేది. తాడు పేనుతున్నాడు.

దొడ్డి బయట హారను మోగింది.

మంచి మోటారు చప్పుడు ఎలా ఉంటుందో ఆ ఊరికి వినిపిస్తూ వచ్చి ఆగాడు లింగస్వామి. బొద్దుగా, నవ్వు ముఖం మనిషి. తెల్ల ధోవతి మీద నల్ల కోటు. దిగుతూనే సోమమ్మకు దండం పెట్టాడు.

"బాగున్నవా పెద్దమ్మా? ఏంది, మోటారు కాడ కావలి కూసున్నవ్?"

"కావలి లేకపోతే ఏమైతదో నీకంటే ఎరుకైనోళ్లెవలు నాయినా?" అంది సోమమ్మ.

లింగస్వామి పెద్దగా నవ్వి, జానయ్య పక్కనే గోడవార గొంతుకూర్చున్నాడు. వ్యాపారస్తుడు, ఏ ఎండకు ఆ గొడుగు పట్టగలడు. "జానయ్యా, వకీలు కాయితం అందింది. నిజం చెప్పాల్నంటే బాధైంది నాకు. మనలో మనకు అదాలత్‌లెందుకు? ఎవరన్న మనిషితోని ఒక్క మాట చెప్పంపితే రాకపోతునా?"

జానయ్య తాడు మెలి వేస్తూనే ఉన్నాడు.

"పగులు సంగతి నీకు ఎరుకనా ఎరుక లేదా?" కాటమయ్య ముందుకొచ్చాడు.

"ఇనుములోపల ఏమున్నదో బ్రహ్మకే ఎరుక తమ్మీ. ఆ మాట ఇడిసిపెట్టు. నేను కొట్లాటకు రాలే. బండి తీసుకపోత. మీ పైసలు మీకిచ్చేస్త. సంచి మోటార్లనే ఉన్నది."

గుర్వమ్మ చేతులు ఆమెకు తెలియకుండానే కొంగును నలుపుతున్నాయి. ఎల్లుండికల్లా తిరుమలగిరి పోవచ్చు. ముందు నడిచే నల్లమూతి గొర్రె ఆమె గొంతు వింటే మంద నడుమ నుంచి దూసుకొస్తుంది. ఆమెకు ఏడుపొచ్చింది, ఆపుకుంది.

"పూరా పైసలా?" అన్నాడు కాటమయ్య, నమ్మలేక.

"పూరా. రెండే మాటలు. ఒకటి, బండిల దోషమేం లేదు, మాకు అక్కెర లేక తిప్పిస్తున్నమని రాజీ కాయితం మీద వేలిముద్రేయాలె. వకీలు కాయితం వాపసు తీసుకోవాలె." లింగస్వామి లేచి మోటారు దగ్గరికి నడిచాడు. సోమమ్మ భుజం మీదుగా తొంగి చూశాడు. నవ్వు సగంలో ఆగింది. "ఇంకోటి, గీ కాలిన మచ్చ. గిదేంది?"

కాటమయ్య ఉలిని వీపు వెనక దాచుకున్నాడు.

"ఏదైతేంది. దీన్ని చెక్కి సాపు జెయ్యున్రి. పైన నేను రంగేయించుకుంట. గీ మచ్చ చూస్తే కొనేటోడు వంద మాటలు అడుగుతడు."

కాటమయ్య అన్న వైపు చూశాడు. సోమమ్మ కోడలి వైపు చూసింది. జానయ్య చేతిలో తాడు ఆగింది. ఇన్నాళ్లకు తలెత్తి భార్య ముఖంలోకి చూశాడు.

"నీ ఇష్టం," అన్నాడు.

ఆమె మాటే ఆమెకు తిరిగొచ్చింది. దాంట్లో ఏముందో, "సరే" ఉందో "వద్దు" ఉందో, గుర్వమ్మకు అంతుపట్టలేదు. ఆనాడు అతనికీ ఇలాగే ఉండి ఉంటుందని ఇప్పుడు తోచింది.

సోమమ్మ మోకాళ్లు పట్టుకొని లేచింది. తలుపు దగ్గర జాగా ఇచ్చి, పక్కకు జరిగింది. "ముద్దరేసిన చెయ్యి నీది. నేను అడ్డం రాను బిడ్డా," అంది. ఆమె కళ్లలో కోపం లేదు. అదే గుర్వమ్మకు ఎక్కువ బాధ కలిగించింది.

కాటమయ్య చేతిలోంచి ఉలి తీసుకుంది గుర్వమ్మ. తలుపు ముందు కూర్చుంది. చెక్క మీద రెండు గీతలు, నడుమ చుక్క. ఉలి అంచు ఆనించి నెట్టింది. నల్లటి చెక్క పేడు ఒకటి చుట్టలు చుట్టుకొని ఒడిలో పడింది. ఇంత తేలిగ్గా పోతుందని ఆమె అనుకోలేదు.

"గట్లనే. శాబాష్," అన్నాడు లింగస్వామి.

ఆమె చెయ్యి ఆగింది. "సేటూ, నీకు చెడ్డ బండి ఎందుకు మరి? ఏం జేసుకుంటవ్?"

"బేరం కుదిరింది లేమ్మా. పాలమూరు దిక్కు ఇద్దరు అన్నదమ్ములు. కిరాయికి తిప్పుకుంటరట." ఆమెకు ధైర్యం చెబుతున్నాననుకున్నాడు పాపం. "మీ అసోంటోళ్లే. నమ్మకస్తులు. అరక, ఎడ్లు అమ్మి మరీ కొంటున్నరు."

"పగులుందని చెప్పినవా వాళ్లకు?"

"అది నా యాపారం. నీకెందుకమ్మా ఫికర్? నీ పైసలు నీకొస్తున్నయ్ గదా."

వస్తున్నాయి. మంద వస్తుంది. నల్లమూతి గొర్రె వస్తుంది. పాలమూరులో ఎవరో ఒక కోడలు ఇవాళ ఎడ్లకు చివరిసారి కుడితి పెడుతూ ఉంటుంది. ఆమె పెనిమిటి వచ్చి "ఏమంటవ్?" అని అడిగి ఉంటాడు. "నీ ఇష్టం," అని ఉంటుంది ఆమె. ఆ కోడలి ముఖం గుర్వమ్మ ఎన్నడూ చూడలేదు. కానీ హాలియా వాగు గడ్డ మీద మోటారు పొగలు కక్కిననాడు తన మందంతా పోయిందని తనకెలా అర్థమైందో, ఆమెకూ అలాగే అర్థమవుతుందని తెలుసు.

ఉలి కింద పెట్టింది. ఒడిలోని చెక్క పేడును తీసి కొంగున ముడి వేసుకుంది. లేచి ఇంట్లోకి పోయింది.

"నీళ్లు తాగొస్తది," అన్నాడు కాటమయ్య, లింగస్వామికి సర్ది చెబుతున్నట్టు.

గుర్వమ్మ నీళ్లు తాగలేదు. చూరులో దోపిన ముద్ర ఇనుమును లాగి, పొయ్యిలో ఎర్రగా ఉన్న మోదుగు బొగ్గుల్లోకి దూర్చింది. గొట్టంతో ఊదింది. పొగకు కళ్లు నీరు కారాయి. పొగకేనా అని అడిగితే, కాదని చెప్పేది. మంద పోతోందని ఆమెకు తెలుసు. వకీలు చెప్పిన ఆ ఏండ్ల తోవే ఇక తనకు మిగిలిందనీ, ఆ తోవలో అదాలత్ మెట్లెక్కి, నిజం చెప్పి, ఎవరో నవ్వితే భరించాలనీ తెలుసు.

ఇనుము కొస ఎర్రబడింది. తడిగుడ్డతో పిడి పట్టుకొని బయటికి వచ్చింది.

"ఇదేంది వదినే?" అడ్డం రాబోయాడు కాటమయ్య. "ఏం జేస్తున్నవ్?"

"ఒక్క దిక్కే పడ్డది ముద్దర. ఆ దిక్కు తలుపుకు పడలే. ఇంజను మూతకూ పడలే."

లింగస్వామి రెండడుగులు వెనక్కి వేశాడు. నవ్వు పూర్తిగా పోయింది. "జానయ్యా, నీ పెండ్లానికి చెప్పు. ఇంకో మచ్చ పడితే సంచి విప్పను. ఈ బేరం మళ్ల రాదు."

"అన్నా, ఆపు," అన్నాడు కాటమయ్య. "మన బతుకు ఆగమైతది. ఆపే."

సోమమ్మ మోటారును తప్పుకొని, రెండో తలుపు వైపు దారి ఇచ్చి నిలబడింది.

గుర్వమ్మ నాలుగడుగులు వేసిందో లేదో, జానయ్య లేచాడు. పేనిన తాడు జారి కింద పడింది. వచ్చి ఆమెకూ మోటారుకూ నడుమ నిలబడ్డాడు. అతని ముఖంలో ఏముందో చదవాలని ఆమె చూసింది. ఇన్నాళ్లు చూడని ముఖం. కళ్ల కింద నల్లబడింది, గడ్డం నెరిసింది. ఇంతగా ఎప్పుడు నెరిసిందో.

చెయ్యి చాచాడు.

"ఇనుము ఇటియ్యి," అన్నాడు.

ఎందుకని అడగాలని నోటిదాకా వచ్చింది ఆమెకు. గొర్రెలు తోలేసిననాడు అడగని మాట అది. ఇనుము కొస మెల్లగా నల్లబడుతోంది. ఇంకాసేపు ఆగితే చెక్క కాలదు. అవతల లింగస్వామి మోటారు తలుపు తీసి, సీటు మీది సంచిని అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకున్నాడు.

"ఎందుకు?" అని అడిగింది గుర్వమ్మ.

జానయ్య సంచి వైపు చూడలేదు, ముద్ర పడని రెండో తలుపు వైపు చూశాడు. చాచిన చెయ్యి అలాగే ఉంది.

తడిగుడ్డతో సహా ఇనుము పిడిని అతని చేతిలో పెట్టింది.